రాయచూరు దాకా ఎవరు వెళ్తారు?

(బాగ్‌లింగంపల్లిలో జరిగిన ఒక సభలో ఒక సీనియర్ క్రిమినల్ లాయర్ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినవి. చెప్పిన తీరును మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. సరే.

నాకిచ్చిన టాపిక్ 'లాకప్ డెత్‌లు, చట్టం, సమాజం'. చట్టం అంటే సెక్షన్లు చదవాలి. భోజనాలయ్యాక సెక్షన్లు చదివితే మీరు నిద్రపోతారు, తప్పు మీది కాదు. అందుకని ముందు ఒక దూరం గురించి చెబుతాను.

ఈ హాలు బయటికి వెళ్ళి నడక మొదలుపెడితే నల్లకుంట ఎంతసేపు? ట్రాఫిక్ దాటనిస్తే ఇరవై నిమిషాలు. 1978 మార్చి చివరి రోజుల్లో ఒక రాత్రి సినిమా చూసి తిరిగొస్తున్న భార్యాభర్తల్ని పోలీసులు ఆపారు. అతను రిక్షా కార్మికుడు. ఆమెను నల్లకుంట స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఆమె మీద పోలీసులు అత్యాచారం చేశారని, అడ్డం తిరిగిన భర్తను కొట్టి చంపారని తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. ఆ ఇద్దరి పేర్లు ఇక్కడ చాలామందికి తెలుసు. ఆమె పేరుతోనే ఆ కేసు చరిత్రలో ఉంది. ఈ రోజు మాత్రం నేను ఆ పేరు వాడను. ఆమె పేరు వాడుకున్నవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

తెల్లారేసరికి ఏమైందో మా సీనియర్లు కళ్ళకు కట్టినట్టు చెప్పేవాళ్ళు. వేలమంది స్టేషన్ మీదికి వచ్చారు. అతని శవాన్ని మోసుకొచ్చి స్టేషన్ వరండాలోనే పడుకోబెట్టారు. రోడ్లకు అడ్డం పెట్టారు, టెలిఫోన్ తీగలు తెంపారు, రాళ్ళేశారు, ఆవరణలో ఉన్న సైకిళ్ళు తగలబెట్టారు. గొడవలు నగరమంతా పాకాయి. కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిగాయి, మిలిటరీని దింపారు. చెన్నారెడ్డి గారి ప్రభుత్వం వచ్చి నెల కూడా కాలేదు. ఆ వేడికే కమిషన్ పడింది. జనం కదలకపోతే కమిషన్ లేదు, అది ఒప్పుకోవాలి.

కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఏమిటో తెలుసా? ఆమె మంచిది కాదు. ఆమెకు అసలు పెళ్ళే కాలేదు. ఫలానా చోట ఫలానా రోజు ఇలా ఉంది. దానికి సాక్షుల్ని వరసబెట్టి తెచ్చారు. చనిపోయింది మొగుడు, విచారణ జరిగింది పెళ్ళాం మీద. అయినా జస్టిస్ ముక్తదర్ ఆ బురదలోంచి బయటికొచ్చి, పోలీసులదే నేరం, వాళ్ళ మీద కేసు నడపండి అని రాశారు.

అక్కడిదాకా నల్లకుంట కథ. ఆ తర్వాతది రాయచూరు కథ.

కేసు నడిచింది హైదరాబాదులో కాదు. నిందితులైన పోలీసులు కేసును పక్క రాష్ట్రానికి, కర్ణాటకలోని రాయచూరుకి మార్పించుకున్నారు. 1956 దాకా అదీ మన హైదరాబాదు రాష్ట్రమే, ఇప్పటికీ ఆ బజార్లో తెలుగు వినపడుతుంది. కానీ బస్సెక్కితే పూట పడుతుంది. నల్లకుంటలో రాయి పట్టుకున్న మనిషి రోజు కూలీ వదులుకుని, చార్జీలు పెట్టుకుని, రాయచూరు సెషన్స్ కోర్టు వరండాలో కూర్చోగలడా? ఎన్ని వాయిదాలకు కూర్చోగలడు? 1981లో ఆ కోర్టు పోలీసులందర్నీ నిర్దోషులని వదిలేసింది.

కమిషన్ తేల్చినా కోర్టు ఎలా వదిలేసింది అని లా స్టూడెంట్లు అడుగుతారు. మామూలు జనం ఇంకా కోపంగా అడుగుతారు. కమిషన్ రిపోర్టు తీర్పు కాదు. 1952 నాటి కమిషన్ల చట్టం ప్రకారం అది ప్రభుత్వానికిచ్చే సలహా. కమిషన్ ముందు ఎవరేం చెప్పినా, అదంతా కోర్టులో మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. సాక్షి మళ్ళీ రావాలి, మళ్ళీ బోనెక్కాలి, అదే అవమానం మళ్ళీ పడాలి. ఈలోగా మూడేళ్ళు. సాక్షికీ పెళ్ళాం పిల్లలుంటారు. సాక్షి ఉండే బస్తీ ఏ స్టేషన్ కిందికి వస్తుందో అదీ చూసుకోవాలి కదా.

నా గొడవంతా ఇదే. శవం దగ్గర వేలమంది ఉంటారు. వాయిదా దగ్గర ఎవరూ ఉండరు. ఈ ముప్పై అయిదేళ్ళలో నేను చూసిన ప్రతి లాకప్ డెత్ కేసూ ఈ రెండు చోట్ల మధ్యలో ఎక్కడో చచ్చిపోయింది.

లెక్క ఒకటి చెబుతాను, ఒక్కటే. 2001 నుంచి 2020 దాకా ఇరవై ఏళ్ళలో దేశం మొత్తం మీద కస్టడీ మరణాలు 1,888 అని నేర రికార్డుల బ్యూరో లెక్కలు. అందులో పోలీసుల మీద పెట్టిన కేసులు 893. ఛార్జిషీటు పడింది 358 మంది మీద. శిక్ష పడింది 26 మందికి. ఈ 26 పక్కన ఆ 1,888 రాసుకుని ఇంటికెళ్ళి చూసుకోండి. ఇది పోలీసులు తాము ఒప్పుకుని రాసుకున్న లెక్క, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నా సొంత కేసు ఒకటి. ఊరు పేరు చెప్పను. 1990ల మధ్యలో, ఒక చిన్న పట్టణం. ఒక దొంగతనం కేసులో అనుమానం మీద ఒక తాపీ పనివాడిని పట్టుకొచ్చారు. రెండో రోజు పొద్దున ఊరి చివర చెరువు కట్ట మీద శవమై దొరికాడు. స్టేషన్‌లో ఏం చెప్పారంటే, 'అడగాల్సింది అడిగి నిన్న సాయంత్రమే పంపించేశాం. తాగి ఎక్కడో పడ్డాడు.'

మీకు జీడీ తెలుసు కదా. జనరల్ డైరీ. స్టేషన్‌లో ఎవరొచ్చినా, ఎవరు పోయినా, ఏం జరిగినా టైముతో సహా వరస నంబరేసి రాసే పుస్తకం. రాసేది రైటరు. నేను ఆ పుస్తకం కోర్టుకు తెప్పించాను. ఆ రోజు పేజీలో సాయంత్రం 6.10కి 'సదరు వ్యక్తిని విచారించి పంపివేయడమైనది' అని ఉంది. పైన లైను, కింద లైను విశాలంగా ఉన్నాయి. ఈ ఒక్క లైను మాత్రం పట్నం బస్సులో మూడో మనిషిలాగా ఇద్దరి మధ్యన ఇరుక్కుని కూర్చుంది. (నవ్వులు) నవ్వకండి, జడ్జిగారు నవ్వలేదు. రైటర్ని అడిగితే 'స్థలం లేక అలా రాశానండీ' అన్నాడు. కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

కానీ నా దగ్గర దానికంటే గట్టిది ఒకటుంది. క్యారేజీ. ఆ మనిషి భార్య రాత్రి ఎనిమిది గంటలకి మూడు గిన్నెల క్యారేజీలో అన్నం, పప్పు, చింతకాయ పచ్చడి పట్టుకెళ్ళింది. సెంట్రీ తీసుకున్నాడు. లోపలికి పంపను, నేనిస్తాలే, నువ్వు పో అన్నాడు. పొద్దున పోతే క్యారేజీ తిరిగిచ్చాడు. గిన్నెలు కడిగి ఉన్నాయి. ఆమె నాకు ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందంటే, 'కడిగిచ్చారయ్యా, తిన్నాడేమో అనుకున్నా' అంది.

6.10కి పంపించేసిన మనిషికి ఎనిమిదింటికి అన్నం ఎందుకు తీసుకున్నట్టు? ఆ అన్నం ఎవరు తిన్నారు? గిన్నెలు ఎవరు కడిగారు? నేనా ప్రశ్న అడిగే రోజు కోసం ఏడాదిన్నర ఎదురుచూశాను. పడుకున్నా అదే, లేచినా అదే. సెంట్రీని బోనులో నిలబెట్టి ఎలా అడగాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో రాసుకున్నాను. కుర్రతనం.

ఆ రోజు రానే లేదు. స్టేషన్ ఎదురుగా టీ కొట్టులో పనిచేసే పిల్లాడు, ఆమె క్యారేజీ ఇవ్వడం చూసినవాడు, కోర్టుకొచ్చి నాకేం తెలియదన్నాడు. ఆ తర్వాత వాయిదాకి ఆమే రాలేదు. పెద్దమనుషులు కూర్చున్నారట. కొంత డబ్బు, పెద్దపిల్లాడికి ఎక్కడో అటెండరు పని ఇప్పిస్తామన్న మాట. ఆమె మీద నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. వాళ్ళింటికి పోయాను కూడా. గుమ్మంలో నిలబడి, 'సారూ, మీరు ప్రతిసారీ కోర్టుకొస్తారు, అది మీ పని. నేను ప్రతిసారీ వస్తే నా కూలీ ఎవరిస్తారు' అంది. ఆమె వెనక దూలానికి ఆ క్యారేజీ వేలాడుతోంది. శవం దొరికిన రోజు ఆ ఊళ్ళో పెద్ద ధర్నా. మూడు పార్టీలవాళ్ళొచ్చారు. కోర్టు నడిచిన ఏడాదిన్నరలో ఆ మూడు పార్టీల్లో ఒక్కడు కూడా ఆమెకు బస్సు చార్జీ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు, ఫీజు తీసుకోకపోవడమే గొప్ప అనుకున్నాను.

సరే, అసలు ఎందుకు కొడతారు? కొట్టేవాడు రాక్షసుడని అనుకుంటే మనకి సులువు. మన సాక్ష్య చట్టంలో ఒక సంగతి ఉంది. పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. బ్రిటిషువాళ్ళే పెట్టారా రూలు, తమ పోలీసుల సంగతి తమకు తెలుసు కాబట్టి. కానీ పక్కనే ఒక కిటికీ తెరిచారు. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేర ఆ మాట చెల్లుతుంది. పాత చట్టంలో 27వ సెక్షన్, కొత్త సాక్ష్య చట్టంలోకీ వచ్చింది. దీన్నే స్టేషన్ భాషలో 'రికవరీ' అంటారు. వేలిముద్రల ల్యాబుకి పంపితే రిపోర్టుకి నెలలు. రికవరీకి ఒక రాత్రి చాలు. బంగారం పోయిన ఇంటి యజమాని రోజూ ఫోన్ చేస్తుంటాడు, ఎమ్మెల్యే చేత చేయిస్తాడు. 'ఇంకా రికవరీ కాలేదా' అని పైఅధికారి అడుగుతాడు. ఆ ఒత్తిడంతా కిందికి జారి జారి, ఇంట్లో పనిచేసే మనిషి అరికాళ్ళ మీద దిగుతుంది.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో చనిపోయిన దళిత మహిళది ఇదే కథ. ఒక ఇంట్లో వంట చేసేది. డబ్బు పోయిందన్నారు. ఆమెనూ కొడుకునూ పట్టుకెళ్ళారు. ఆమె తిరిగి రాలేదు. ఈ కేసులో పౌరహక్కులవాళ్ళు హైకోర్టుకి వెళ్ళడం వల్ల పూడ్చిన శవాన్ని బయటికి తీయించి రీపోస్టుమార్టం చేయించారు. ఎస్ఐని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగంలోంచి తొలగించారు. తొలగించడం వేరు, శిక్ష వేరు. పేపర్లో 'వేటు' అని పెద్దక్షరాల్లో వేస్తారు. వేటు పడింది కదా అని మనం పేపరు మడిచేస్తాం. మామూలుగా వేటంటే ఏమిటి? సస్పెన్షన్, వీఆర్‌కు పంపడం, అంటే పోస్టింగు లేకుండా ఖాళీగా ఉంచడం, హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేయడం. సగం జీతంతో ఇంట్లో కూర్చుంటాడు, గొడవ చల్లారాక ఇంకో జిల్లాలో కనపడతాడు.

మరి ఎక్కడా కేసు నిలబడలేదా? నిలబడిన చోటు చూద్దాం. తమిళనాడు, తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళం. 2020 జూన్ 19. లాక్‌డౌన్ రోజులు. టైము దాటినా సెల్‌ఫోన్ల షాపు తెరిచి ఉంచారని తండ్రినీ కొడుకునూ స్టేషన్‌కు తీసుకెళ్ళారు. రాత్రంతా కొట్టారు. మర్నాడు ఆసుపత్రిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మేజిస్ట్రేటు రిమాండు, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కోవిల్‌పట్టి సబ్ జైలు. 22 రాత్రి కొడుకు పోయాడు. 23 తెల్లవారుజామున తండ్రి పోయాడు. చూడండి, ఇక్కడ ప్రతి కాగితమూ ఉంది. డాక్టరు సంతకం ఉంది, మేజిస్ట్రేటు సంతకం ఉంది, జైలు రిజిస్టరు ఉంది. 1996 డిసెంబరులో డి.కె.బసు అనే ఆయన వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు పదకొండు సూత్రాలు పెట్టింది. అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్ళకు చెప్పాలి, 48 గంటలకోసారి డాక్టరుకు చూపించాలి, ఒంటి మీద దెబ్బలుంటే రాయాలి. ప్రతి స్టేషన్ గోడ మీదా బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందే కొడతారు. చూడాల్సిన డాక్టరు చూడకుండా సంతకం పెడితే బసు గారు ఏం చేస్తారు పాపం.

సాత్తాన్‌కుళంలో తేడా ఎక్కడొచ్చిందంటే, మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ రోజుల్లోనే, తనంతట తానుగా పట్టుకుంది. కోవిల్‌పట్టి మేజిస్ట్రేటును స్టేషన్‌కు పంపింది. ఆయనకి రికార్డులివ్వలేదు, ఒక కానిస్టేబులు ఆయన మొహం మీదే నువ్వేం పీకలేవన్నట్టు మాట్లాడాడు. సీసీ కెమెరాల రికార్డింగు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా పెట్టి ఉందని ఆయన రిపోర్టు రాశారు. అప్పుడు హైకోర్టు ఏం చేసిందో తెలుసా? ఆ పోలీస్ స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల చేతికి అప్పగించమంది. తహసీల్దారు వచ్చి స్టేషన్‌కు కాపలా! నా సర్వీసులో అలాంటి ఆర్డరు వినలేదు. లాఠీల మీద, బల్ల మీద నెత్తురుందని, చెరిపేయకముందే తీసుకోమని ఆ స్టేషన్‌లోనే డ్యూటీలో ఉన్న ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ మేజిస్ట్రేటుకు చెప్పింది. వణుకుతూ చెప్పింది, సంతకం పెట్టడానికి భయపడింది, చివరికి పెట్టింది. ఆ తర్వాతే అరెస్టులు, సీబీఐ, తొమ్మిది మంది మీద ఛార్జిషీటు.

రాష్ట్రమంతా షాపులు మూశారు, అదీ నిజమే. కానీ కేసును నిలబెట్టింది ఆ సంతకం. 1995లో శ్యామ్‌సుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టే రాసింది, ఇలాంటి కేసుల్లో తోటి పోలీసులు నోరు విప్పరు, సోదరభావం అడ్డం వస్తుంది అని. అలాంటి గోడలోంచి ఒక మనిషి ఇవతలికి రావడం ఎంత కష్టమో, ఒక్కసారి ఆమె ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం ఎలా తిని ఉంటుందో ఆలోచించండి.

అసలు చట్టం మారితే ఆ ఒక్క మనిషి ధైర్యం మీద కేసు ఆధారపడక్కర్లేదు. నల్లకుంట కేసు, మహారాష్ట్రలో ఒక గిరిజన బాలికపై స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసు, ఈ రెండూ ఓడిపోయాయి. కానీ మహిళా సంఘాలు వదల్లేదు. వీధిలో రాళ్ళేసినవాళ్ళు ఇళ్ళకు పోయాక కూడా ఆ ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం జరిగితే, ఆమె ఇష్టపడలేదని చెబితే, అదే నిజమని కోర్టు భావించాలి. రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. 1985లో లా కమిషన్ తన 113వ నివేదికలో ఇంకో అడుగు వేయమంది. కస్టడీలో మనిషికి గాయాలైతే, అవి ఆ పోలీసు చేసినవేనని కోర్టు భావించవచ్చు, కాదని అతను చూపించుకోవాలి, అలా 114-బి అని ఒక సెక్షన్ పెట్టండి అంది. 2017లో 273వ నివేదికలో మళ్ళీ అడిగింది. 2023లో సాక్ష్య చట్టాన్ని పేరు సహా మార్చి కొత్తగా రాశారు. అందులోనూ లేదు. తలుపులేసుకున్న గదిలో ఏం జరిగిందో బయట ఉన్న పెళ్ళామే రుజువు చేయాలి ఇవాళ్టికీ.

ఒడిశాలో ఒక తల్లి సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. నీలాబతి బెహరా కేసు. ఇరవై రెండేళ్ళ కొడుకును స్టేషన్‌కు తీసుకెళ్ళారు, మర్నాడు రైలు పట్టాల మీద శవం. కట్టిన తాడును పళ్ళతో కొరుక్కుని పారిపోయాడు, రైలు కింద పడ్డాడు అని పోలీసుల వాదన. 1993లో కోర్టు ఆ కథ నమ్మలేదు, లక్షన్నర పరిహారం ఇప్పించింది. తాడు కొరకడం, చెరువు కట్ట మీద తాగి పడటం, ఛాతీ నొప్పి. ఈ కథలు రాసేవాళ్ళకి కొత్త ఐడియాలు రావు. ఛాతీ నొప్పి మాత్రం ఎవర్‌గ్రీన్.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు చనిపోయారు. మన నగరాన్ని కుదిపేసిన ఒక ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో నిందితులు. పోలీసుల కస్టడీలో ఉన్నవాళ్ళు. అంటే అదీ కస్టడీ మరణమే, పేరు వేరు. ఆ పొద్దున జనం ఏం చేశారు? పోలీసుల మీద పూలు చల్లారు. టపాకాయలు కాల్చారు. రాఖీలు కట్టారు. 1978లో ఈ ఊరే స్టేషన్ మీద రాళ్ళేసింది. 2019లో ఈ ఊరే పూలేసింది.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని కమిషన్ తేల్చింది. ముగ్గురూ పద్దెనిమిది నిండని పిల్లలు. రిపోర్టు హైకోర్టుకి వెళ్ళింది. ఇది రాయచూరు దాకా పోవక్కర్లేదు, హైకోర్టు మన పాతబస్తీ మదీనా సెంటర్ దగ్గరే. ఎంతమంది వెళ్ళారు? ఆ పూలు చల్లినవాళ్ళని అనడం లేదు. రాళ్ళేసే వర్గం మనది కదా, మనలో ఎంతమంది?

దీన్ని రెండు వేర్వేరు సంగతులనుకోకండి. లాఠీకి 'వీడు దొంగా, మంచివాడా' తెలియదు. రికవరీ కోసం ఒక రాత్రి చాలు అని పైఅధికారి అన్నా, న్యాయం కోసం ఒక తెల్లవారుజాము చాలు అని మనమన్నా, రెండూ ఒకటే భాష. అలా పూలు పడిన ఊళ్ళో మర్నాడు డ్యూటీకి వెళ్ళిన కానిస్టేబులుకు డి.కె.బసు బోర్డు ఎలా కనపడుతుంది?

పోలీసుల వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నా క్లయింట్లు ఒప్పుకోరు. (నవ్వులు) సస్పెండ్ అయిన కానిస్టేబుళ్ళ కేసులు కూడా నేను చేశాను. వాళ్ళలో ఒకాయన నాతో అన్నాడు, 'సార్, రికవరీ చేసినప్పుడు ప్రెస్ మీట్‌లో పెద్దసారు పక్కన నిలబడతాడు. మనిషి చచ్చినప్పుడు నా పేరొక్కటే ఉంటుంది.' అది నిజం. కొట్టమన్న నోరు ఏ జీడీలోనూ ఉండదు.

ప్రశ్నలుంటే అడగండి. చీటీలు వద్దు, లేచి అడగండి.

(ఒక యువకుడు: స్టేషన్‌లో మనవాళ్ళు చనిపోయారని తెలిస్తే ఆ రాత్రి ఏం చేయాలి సార్?)

మంచి ప్రశ్న. మొదటిది, శవాన్ని తొందరపడి తీసుకోకండి. తీసుకుని దహనం చేస్తే సగం కేసు పోయినట్టే. వీలైతే పూడ్చండి, రీపోస్టుమార్టంకి పనికొస్తుంది, ఇందాక అడ్డగూడూరు చెప్పాను. కస్టడీలో మనిషి పోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ చేసి తీరాలి. 2006 నుంచి ఉంది, కొత్త చట్టంలో 196వ సెక్షన్. ఆర్డీఓ వచ్చి సంతకాలు తీసుకుంటే సరిపోదు, మేజిస్ట్రేటు ఏరి అని అడగండి. పోస్టుమార్టం వీడియో తీయాలని మానవ హక్కుల సంఘం ఎప్పుడో చెప్పింది, తీస్తున్నారా లేదా మీ కళ్ళతో చూడండి. శవ పంచనామా మీద చదవకుండా వేలిముద్ర వేయకండి. సీసీ ఫుటేజీ భద్రపరచమని ఆ రాత్రే కాగితం మీద రాసి ఇవ్వండి, ఎస్పీకి, మేజిస్ట్రేటుకి, వాట్సాప్‌లో అయినా సరే, పంపిన టైము దాని మీద నమోదవుతుంది. సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లో కెమెరాలు, ఏడాదికి తక్కువ కాకుండా రికార్డింగు ఉండాలంది. కెమెరా పనిచేయడం లేదంటారు. ఎప్పటి నుంచి పనిచేయడం లేదో కాగితం చూపించమనండి. ఇంకోటి. మీరు పట్టుకెళ్ళిన అన్నం, బట్టలు, మందులు, ఎవరి చేతికిచ్చారు, ఎన్నింటికిచ్చారు, ఇంటికొచ్చాక రాసిపెట్టుకోండి. ఒక ఫొటో తీసుకోండి. నవ్వకు బాబూ, ఆ క్యారేజీ ఫొటో నా దగ్గరుంటే...

సరే. ఇంకెవరు? ఆ మూల, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, 2019లో ఆ రోజు మీరు ఏం చేశారు?)

(కొద్దిసేపు మౌనం) నేనా?

చెబుతాను. ఆ రోజు శుక్రవారం. నేను కోర్టుకి బయల్దేరుతున్నాను. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర పైఫ్లోర్ ఆవిడ స్టీలు డబ్బాతో నిలబడింది. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ రాత్రిపూట ఆఫీసు నుంచి స్కూటీ మీద వస్తారు. వారం రోజులుగా ఆవిడ నిద్రపోలేదని మా ఆవిడ చెప్పింది. డబ్బా మూత తీసి, 'అంకుల్, తీసుకోండి, ఈరోజు పండగే' అంది. నేను లాయర్ని. కస్టడీ అంటే ఏమిటో తెలుసు. ఆ పొద్దున ఆ నలుగురూ ఎవరి కస్టడీలో ఉన్నారో తెలుసు. ఈ ఉపన్యాసం మొత్తం అప్పుడూ నా దగ్గరుంది. ఆవిడ మొహం చూశాను.

నేనూ తిన్నానమ్మా. మైసూర్‌పాకు. బావుందండీ అని కూడా అన్నాను.

ఇంకెవరైనా ఉన్నారా? అక్కడ పెద్దాయన చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.